పాఠం 9 : ఆటోమాటిక్ కారులో చేతి గేరు

9.0 ఉపోద్ఘాతం

కారు నడపడం నేర్చుకొన్నవారిని ఎవరినైనా "మొదట్లో మీకు ఏది కష్టమనిపించింది?" అని అడిగి చూడండి. ఎక్కువమంది చెప్పే జవాబు ఒకటే: క్లచ్. ఎడమ కాలితో క్లచ్ నొక్కాలి, ఎడమ చేతితో గేరు మార్చాలి, కుడి కాలితో యాక్సిలరేటరు ఇవ్వాలి. ఈ మూడింటికీ పొత్తు కుదరకపోతే బండి కుదుపులు పెట్టి ఆగిపోతుంది.

ఈ ఇబ్బంది లేని కార్లు నేడు మన రోడ్ల మీద చాలా కనిపిస్తున్నాయి. వాటిలో క్లచ్ పెడల్ ఉండదు. వేగాన్ని బట్టి గేరును బండే మార్చుకొంటుంది. వీటిని ఆటోమాటిక్ కార్లు అంటాం. ఇలాంటి కారులో గేరు రాడ్డు దగ్గర ఒకసారి చూడండి. చాలా కార్లలో 'ఎమ్' అనే అక్షరం, దాని పక్కన కూడిక గుర్తు (+), తీసివేత గుర్తు (−) ఉంటాయి. గేరును చేతితో మార్చడానికి చేసిన ఏర్పాటు ఇది.

బండే గేరు మార్చుకొంటున్నప్పుడు మళ్ళీ చేతితో మార్చే ఏర్పాటు ఎందుకు? ఈ ప్రశ్నకు జవాబు తెలియక చాలామంది దాన్ని ముట్టుకోకుండానే ఏళ్ళ తరబడి కారు నడుపుతారు. చదునైన రోడ్డు మీద దానివల్ల నష్టం లేదు. కాని కొండ దారిలో దిగేటప్పుడు ఆ చిన్న గుర్తు అవసరమేమిటో తెలియకపోతే ప్రాణాల మీదికి వస్తుంది. అందుకే ఈ పాఠం.

9.1 లక్ష్యాలు

ఈ పాఠం చదివిన తరువాత మీరు:
• కారుకు గేర్లు ఎందుకు కావాలో చెప్పగలుగుతారు.
• ఆటోమాటిక్ గేరు రాడ్డు మీది గుర్తులను చదివి అర్థం చేసుకోగలుగుతారు.
• కొండ దిగేటప్పుడు చేతి గేరును ఎందుకు, ఎలా వాడాలో వివరించగలుగుతారు.
• యంత్రాన్ని వాడే పద్ధతిని తెలిపే సూచనలను చదవగలుగుతారు, సొంతంగా రాయగలుగుతారు.

9.2 గేరు ఎందుకు?

గేర్ల సైకిలు తొక్కినవారికి ఇది తేలికగా అర్థమవుతుంది. ఎత్తు ఎక్కేటప్పుడు తేలికగా తిరిగే గేరు వేస్తాం. కాళ్ళు చాలాసార్లు తిరుగుతాయి, సైకిలు నెమ్మదిగా పోతుంది, కాని ఎత్తు ఎక్కుతుంది. చదునైన దారిలో పెద్ద గేరు వేస్తాం. కాళ్ళు తక్కువసార్లు తిరిగినా సైకిలు వేగంగా పోతుంది.

కారులోనూ అంతే. ఒకటో గేరులో ఇంజను చాలాసార్లు తిరిగితే చక్రం కొద్దిసార్లే తిరుగుతుంది. బలం ఎక్కువ, వేగం తక్కువ. ఐదో గేరులో ఇందుకు వ్యతిరేకం.

ఇక్కడ మరొక విషయం గుర్తుంచుకోండి. గేరులో ఉన్నంతసేపు ఇంజను చక్రాన్ని తిప్పగలదు, చక్రం కూడా ఇంజనును తిప్పగలదు. యాక్సిలరేటరు మీది నుంచి కాలు తీసేస్తే దొర్లుతున్న చక్రాలే ఇంజనును లాక్కుపోతాయి. ఆ లాగుడుకు ఇంజను అడ్డుపడుతుంది, బండి వేగం తగ్గుతుంది. దీనినే ఇంజను బ్రేకింగ్ అంటారు. చిన్న గేరులో ఈ అడ్డు ఎక్కువ, పెద్ద గేరులో తక్కువ. ఈ పాఠానికి ఇదే కీలకం.

9.3 గేరును బండే మార్చడం

1939లో అమెరికాలో జనరల్ మోటార్స్ సంస్థ 'హైడ్రా-మాటిక్' అనే పూర్తి ఆటోమాటిక్ గేరు పెట్టెను ప్రవేశపెట్టింది. ఆటోమాటిక్ కారులోనే అవసరమైనప్పుడు చేతితో గేరు మార్చే 'టిప్‌ట్రానిక్' అనే ఏర్పాటును 1990 ప్రాంతంలో జర్మనీకి చెందిన పోర్షే సంస్థ ప్రచారంలోకి తెచ్చింది. మన దేశంలో ఆటోమాటిక్ కార్లు చాలాకాలం ఖరీదైన బండ్లుగానే ఉండిపోయాయి. 2014లో మారుతి సుజుకి సంస్థ 'సెలెరియో' కారులో తక్కువ ఖర్చుతో తయారయ్యే ఆటోమాటిక్ పద్ధతిని తెచ్చింది. అప్పటి నుంచి చిన్న కార్లలో కూడా ఇది వాడుకలోకి వచ్చింది.

ఈ చవకైన పద్ధతిని ఏ.ఎమ్.టి. అంటారు. ఇందులో మామూలు కారులో ఉండే గేరు పెట్టె, క్లచ్ ప్లేటే ఉంటాయి. అయితే క్లచ్ నొక్కే పని, గేరు మార్చే పని మన కాలూ చెయ్యీ కాకుండా కంప్యూటరు ఆజ్ఞతో పనిచేసే చిన్న యంత్ర భాగాలు చేస్తాయి. ఇతర రకాల ఆటోమాటిక్ కార్లలో కొన్ని నూనె ఒత్తిడితో, కొన్ని బెల్టుతో, కొన్ని రెండు క్లచ్‌లతో పనిచేస్తాయి. లోపలి ఏర్పాటు ఏదైనా డ్రైవరు తెలుసుకోవలసిన సూత్రం ఒకటే.

కంప్యూటరు గేరును దేన్ని బట్టి నిర్ణయిస్తుంది? ముఖ్యంగా బండి వేగాన్ని, మీరు యాక్సిలరేటరును ఎంత నొక్కారన్న దాన్ని బట్టి. దానికి ముందున్న రోడ్డు కనబడదు. వంద గజాల దూరంలో మలుపు ఉందనీ, దాని తరువాత దిగుడు ఉందనీ మీకు తెలుస్తుంది. దానికి తెలియదు. ఈ లోటును పూరించడానికే చేతి గేరు.

9.4 గుర్తులు, వాటి అర్థాలు

పి – నిలిపి ఉంచడానికి. గేరు పెట్టె లోపల తాళం పడుతుంది. ఏ.ఎమ్.టి. కార్లలో చాలావాటికి ఈ గుర్తు ఉండదు.
ఆర్ – వెనక్కి నడపడానికి.
ఎన్ – న్యూట్రల్. ఇంజనుకూ చక్రాలకూ సంబంధం ఉండదు.
డి – ముందుకు నడపడానికి. గేర్లను బండే మార్చుకొంటుంది.
ఎమ్ – చేతి గేరు. + వైపు ఒకసారి తోస్తే ఒక గేరు పెరుగుతుంది. − వైపు తోస్తే ఒక గేరు తగ్గుతుంది. ఎన్నో గేరులో ఉన్నారో మీటర్ల పలకలో అంకె కనిపిస్తుంది.

గమనిక: కొన్ని కార్లలో రాడ్డును ముందుకు తోస్తే గేరు పెరుగుతుంది, కొన్నింటిలో తగ్గుతుంది. కొత్త కారు ఎక్కగానే గుర్తులు చూసుకోండి. కొన్ని కార్లలో 'ఎమ్' బదులు 'ఎల్' లేదా 'ఎస్' ఉండవచ్చు. అలాంటప్పుడు కారుతో ఇచ్చిన పుస్తకం చదవాలి.

పాఠగత ప్రశ్నలు 9.1
1. యాక్సిలరేటరు వదిలినప్పుడు ఏ గేరులో ఇంజను అడ్డు ఎక్కువగా ఉంటుంది?
2. న్యూట్రల్‌లో ఇంజను బ్రేకింగ్ ఎందుకు పనిచేయదు?
3. ఆటోమాటిక్ కారులోని కంప్యూటరుకు తెలియనిది, డ్రైవరుకు తెలిసినది ఏమిటి?

9.5 కొండ దిగేటప్పుడు

తిరుమలకు రెండు ఘాట్ రోడ్లు ఉన్నాయి. 1944లో వేసిన మొదటి రోడ్డును ఇప్పుడు దిగడానికి, 1974లో వచ్చిన రెండవ రోడ్డును ఎక్కడానికి వాడుతున్నారు. తిరుమల కొండ మీద ఒక అనుభవమున్న డ్రైవరూ, ఆటోమాటిక్ కారు కొత్తగా నడుపుతున్న ఒక కుర్రవాడూ మాట్లాడుకొంటున్నారనుకోండి. వారి మాటలు ఇలా ఉండవచ్చు.

"అన్నా, మాది ఆటోమాటిక్ బండి. డీలో వేసి వదిలేస్తే అదే దిగిపోతుంది కదా?"
"దిగుతుంది తమ్ముడూ. దిగడం బండికి ఎవరూ నేర్పనక్కర్లేదు. దాన్ని పట్టి దించడమే మన పని."
"పట్టడానికి బ్రేకు ఉంది కదన్నా?"
"ఉంది. పైనుంచి కిందిదాకా దాని మీదే కాలు పెట్టుకొని వస్తే కాలి కంపు కొడుతుంది. ఆ తరువాత ఎంత తొక్కినా పట్టదు. అంత ఏటవాలు ఎక్కాలంటే ఏ గేరు కావాలి?"
"రెండు. ఒక్కోచోట ఒకటి."
"దిగడానికీ అదే వెయ్యి. నీ బండిలో ఎమ్ ఉంది చూడు. అది అందుకే."
"న్యూట్రల్‌లో దిగితే పెట్రోలు మిగులుతుందని మా ఊళ్ళో అంటారన్నా."
"అది పాత కార్బురేటరు బండ్ల నాటి మాట. అప్పుడైనా అది ప్రమాదమే. ఆ పని మాత్రం చెయ్యొద్దు."

పెద్ద డ్రైవరు చెప్పిన మాటలో నిజమెంతో లెక్క వేసి చూద్దాం.

మనుషులతో కలిపి 1200 కిలోల బరువున్న కారు 600 మీటర్ల ఎత్తు నుంచి దిగిందనుకోండి.

ఎత్తు వల్ల ఉన్న శక్తి = ద్రవ్యరాశి × గురుత్వ త్వరణం × ఎత్తు
= 1200 × 9.8 × 600
= 70,56,000 జౌళ్ళు

ఇది దాదాపు 2 యూనిట్ల కరెంటుకు సమానం. సుమారు 20 లీటర్ల చన్నీళ్ళను మరిగించడానికి ఈ శక్తి చాలు. అదే కారును చదునైన రోడ్డు మీద గంటకు 60 కి.మీ. వేగం నుంచి ఒకసారి పూర్తిగా ఆపితే బ్రేకులు మింగే శక్తి సుమారు 1,66,700 జౌళ్ళు. అంటే ఆ కొండ దిగడం, 60 కి.మీ. వేగం నుంచి 42 సార్లు వెంటవెంటనే బండిని ఆపడంతో సమానం. గాలి, టైర్ల రాపిడి కొంత శక్తిని తీసుకొంటాయి. మిగిలినదంతా ఎక్కడికో పోవాలి. బ్రేకు ఒక్కటే పనిచేస్తే అదంతా నాలుగు చక్రాల దగ్గర వేడిగా మారుతుంది.

వేడెక్కిన బ్రేకులకు రెండు విధాలుగా హాని జరుగుతుంది.

(అ) బ్రేకు ప్యాడ్లు మితిమీరి వేడెక్కితే వాటి పట్టు తగ్గుతుంది. పెడల్ గట్టిగానే ఉంటుంది, కాని బండి ఆగదు.

(ఆ) బ్రేకు ఆయిల్ మరుగుతుంది. డాట్ 3 రకం కొత్త ఆయిల్ కనీసం 205 డిగ్రీల సెల్సియస్ వరకు మరగకూడదని ప్రమాణం. కాని ఈ ఆయిల్ గాలిలోని తేమను పీల్చుకొంటుంది. తేమ చేరిన ఆయిల్‌కు ప్రమాణం 140 డిగ్రీలే. మరిగితే గొట్టాలలో ఆవిరి బుడగలు ఏర్పడతాయి. పెడల్ నొక్కినప్పుడు ఆ ఒత్తిడి చక్రాలకు అందదు, బుడగలు నలిగి పోతాయి. కాలు మెత్తగా కిందిదాకా దిగిపోతుంది. ఎన్నాళ్ళకొకసారి బ్రేకు ఆయిల్ మార్చాలో కారు పుస్తకంలో చూసి, గడువు దాటకుండా మార్పించాలి.

మరి 'డి'లో ఉంచి దిగితే? దిగుడులో మీరు యాక్సిలరేటరు నొక్కరు, అయినా వేగం పెరుగుతుంది. కంప్యూటరు దాన్ని చూసి సాధారణంగా పెద్ద గేరు వేస్తుంది. ఇంజను అడ్డు తగ్గి బండి ఇంకా పరుగెడుతుంది. ఏటవాలును గుర్తించి గేరు తగ్గించే కార్లు కొన్ని ఉన్నాయి. మీ కారు అలాంటిదని పుస్తకంలో చదివి తెలుసుకొంటే తప్ప దాని మీద ఆధారపడవద్దు.

పెట్రోలు విషయం కూడా చూద్దాం. నేటి ఇంజెక్షన్ ఇంజన్లలో గేరులో ఉండి యాక్సిలరేటరు వదిలితే కంప్యూటరు ఇంధనాన్ని ఆపేస్తుంది. చక్రాలే ఇంజనును తిప్పుతాయి. న్యూట్రల్‌లో అయితే ఇంజను ఆగిపోకుండా ఉండటానికి ఇంధనం మండుతూనే ఉండాలి. కాబట్టి న్యూట్రల్‌లో దిగితే పెట్రోలూ మిగలదు, ఇంజను అడ్డూ ఉండదు.

దిగే పద్ధతి

1. దిగుడు మొదలయ్యే ముందే బ్రేకు వేసి వేగం తగ్గించండి. ఉదాహరణకు గంటకు 30 కి.మీ.
2. రాడ్డును 'డి' నుంచి 'ఎమ్'కు మార్చండి. పలకలో గేరు అంకె చూడండి.
3. అంకె 3 ఉంటే − వైపు ఒకసారి తోసి 2కు తీసుకురండి. ఇంజను మోత పెరుగుతుంది. బెదరకండి, ఇంజను బండిని పట్టుకొంటున్నదనడానికి అదే గుర్తు.
4. యాక్సిలరేటరు మీది నుంచి కాలు తీయండి. వేగం నిలకడగా ఉంటే ఆ గేరు సరిపోయిందన్నమాట.
5. వేగం ఇంకా పెరుగుతుంటే బ్రేకును గట్టిగా నొక్కి వేగం తగ్గించి, తరువాత పూర్తిగా వదలండి. మళ్ళీ పెరిగితే వేగం తగ్గించిన తరువాత 1వ గేరు వేయండి. బ్రేకు మీద కాలు ఆనించి ఉంచకండి. వదిలిన ప్రతిసారీ బ్రేకులు చల్లబడటానికి వ్యవధి దొరుకుతుంది.
6. మలుపులో గేరు మార్చకండి. మలుపుకు ముందే మార్చండి.
7. చదునైన రోడ్డు రాగానే రాడ్డును 'డి'కి తీసుకురండి.

వేగం ఎక్కువగా ఉన్నప్పుడు మీరు − వైపు తోసినా బండి గేరు తగ్గించకపోవచ్చు. ఇంజను మితిమీరి తిరిగి పాడవకుండా కంప్యూటరు అలా ఆపుతుంది. అప్పుడు మళ్ళీ మళ్ళీ తోయకుండా ముందు బ్రేకుతో వేగం తగ్గించండి. బండి పరుగు అందుకొన్న తరువాత చిన్న గేరు దొరకడం కష్టం కాబట్టే, పైనే గేరు వేసుకోవాలని అనుభవజ్ఞులు చెబుతారు.

ఇరుకైన కొండదారిలో దిగే బండి ఎదురుగా ఎక్కివచ్చే బండికి దారి ఇవ్వాలని డ్రైవింగ్ నియమాలు చెబుతున్నాయి. చిన్న గేరులో నెమ్మదిగా దిగేవారికి ఈ నియమం పాటించడం తేలిక.

పాఠగత ప్రశ్నలు 9.2
1. 'డి'లో కొండ దిగితే ఇంజను అడ్డు ఎందుకు తగ్గుతుంది?
2. బ్రేకు ఆయిల్ మరిగితే పెడల్ ఎందుకు మెత్తబడుతుంది?
3. − వైపు తోసినా గేరు తగ్గకపోతే ఏమి చేయాలి?

9.6 మరికొన్ని సందర్భాలు

ఎత్తు ఎక్కేటప్పుడు కొన్ని ఆటోమాటిక్ కార్లు రెండో గేరు, మూడో గేరు మధ్య ఊగిసలాడుతాయి. 'ఎమ్'లో రెండో గేరు వేస్తే ఆ ఊగిసలాట పోతుంది. లారీని దాటాలనుకొన్నప్పుడు ముందే ఒక గేరు తగ్గించి ఉంచుకొంటే బండి వెంటనే అందుకొంటుంది. తడి బురదలో, వీలున్న కార్లలో, రెండో గేరుతో కదిలిస్తే చక్రం ఊరికే తిరగదు. ఊళ్ళో, చదునైన రోడ్డు మీద 'డి' చాలు.

9.7 చేయకూడనివి

• ఎడమ కాలిని వాడకూడదు. మామూలు కారు నడిపినవారికి ఆపేటప్పుడు ఎడమ కాలు క్లచ్ కోసం వెతుకుతుంది. అక్కడ క్లచ్ ఉండదు. కాలు బ్రేకు మీద పడి బండి ఒక్కసారిగా ఆగుతుంది, వెనుక వచ్చే బండి గుద్దుతుంది. ఎడమ కాలిని పక్కకు ఆనించి ఉంచండి. బ్రేకుకూ యాక్సిలరేటరుకూ కుడి కాలే.
• ఎత్తులో ఆగినప్పుడు యాక్సిలరేటరుతో బండిని నిలబెట్టకూడదు. ఏ.ఎమ్.టి. కారులో క్లచ్ ప్లేటు కాలిపోతుంది. బ్రేకు లేదా హ్యాండ్ బ్రేకు వాడండి.
• బండి పూర్తిగా ఆగకుండా 'ఆర్' వేయకూడదు.
• 'పి' లేని కారును న్యూట్రల్‌లో వదిలి దిగకూడదు. హ్యాండ్ బ్రేకు వేసి, గేరులో ఉండగానే ఇంజను ఆపాలి.
• జారే రోడ్డు మీద ఒకేసారి రెండు గేర్లు తగ్గించకూడదు. చక్రాల పట్టు తప్పవచ్చు.

9.8 కృత్యం

లైసెన్సు ఉన్న శిక్షకుణ్ణి పక్కన కూర్చోబెట్టుకొని, ఖాళీ మైదానంలో ఈ అభ్యాసం చేయండి. మీకు ఉన్నది లెర్నర్ లైసెన్సు అయితే బండికి 'ఎల్' బోర్డు తప్పనిసరి. 'ఎమ్'లో మూడో గేరు, గంటకు 30 కి.మీ. వేగం రాగానే యాక్సిలరేటరు వదలండి. వేగం ఎలా తగ్గుతున్నదో చూడండి. తరువాత అదే వేగంలో రెండో గేరు వేసి చూడండి. తేడాను నోటుపుస్తకంలో రాయండి. కారు అందుబాటులో లేనివారు బస్సులో ఘాట్ రోడ్డు దిగేటప్పుడు ఇంజను మోతను గమనించండి. డ్రైవరు ఎక్కడ గేరు తగ్గించాడో వినగలరు.

9.9 భాషాంశం

ఇంగ్లీషు నుంచి వచ్చిన మాటలు తెలుగులో చాలావరకు అచ్చుతో ముగుస్తాయి: గేరు, బ్రేకు, ఇంజను. బహువచనంలో గేర్లు, బ్రేకులు, ఇంజన్లు అవుతాయి. సూచనలు రాసేటప్పుడు క్రియ ముగింపు ముఖ్యం. 'చేయాలి' అంటే తప్పనిసరి. 'చేయవచ్చు' అంటే మన ఇష్టం. 'చేయకూడదు' అంటే నిషేధం. యంత్రాల పుస్తకాలు చదివేటప్పుడు ఈ మూడింటినీ వేరుచేసి చూడండి.

9.10 మీరు ఏమి నేర్చుకొన్నారు?

• చిన్న గేరులో ఇంజనే బండిని పట్టి ఉంచుతుంది.
• కంప్యూటరు వేగాన్ని చూస్తుంది, రోడ్డును చూడదు. రోడ్డును చూసి గేరు నిర్ణయించే బాధ్యత డ్రైవరుదే.
• ఎక్కడానికి ఏ గేరు కావాలో దిగడానికీ అదే గేరు.
• దిగుడుకు ముందే 'ఎమ్'లో గేరు తగ్గించాలి. బ్రేకును నొక్కి వదులుతూ వాడాలి. న్యూట్రల్‌లో దిగకూడదు.

9.11 పాఠ్యాంత ప్రశ్నలు

1. "ఆటోమాటిక్ కారుకు డ్రైవరు చేయవలసిన పని ఏమీ లేదు." ఈ మాటతో మీరు ఏకీభవిస్తారా? కారణాలతో రాయండి.
2. 1000 కిలోల కారు 300 మీటర్ల ఎత్తు నుంచి దిగితే విడుదలయ్యే శక్తిని లెక్కించండి.
3. న్యూట్రల్‌లో కొండ దిగే అలవాటున్న మీ బంధువుకు, ఆ అలవాటు మానమని వివరిస్తూ ఉత్తరం రాయండి.
4. మీ ఇంట్లోని ఏదైనా యంత్రాన్ని వాడే పద్ధతిని ఆరు సూచనలుగా రాయండి.

9.12 జవాబులు

9.1: 1. చిన్న గేరులో. 2. ఇంజనుకూ చక్రాలకూ సంబంధం ఉండదు కాబట్టి. 3. ముందున్న రోడ్డు.
9.2: 1. వేగం పెరగడం చూసి కంప్యూటరు పెద్ద గేరు వేస్తుంది కాబట్టి. 2. ఆవిరి బుడగలు నలిగి ఒత్తిడి చక్రాలకు అందదు కాబట్టి. 3. బ్రేకుతో వేగం తగ్గించి, తరువాత గేరు తగ్గించాలి.
పాఠ్యాంత ప్రశ్న 2: 1000 × 9.8 × 300 = 29,40,000 జౌళ్ళు.